అంకెలు తప్పలేదు

థాంక్స్‌గివింగ్ పండక్కి ముందురోజు సాయంత్రం మా ఊరి చర్చి కింది హాల్లో కాలేజీ పాత విద్యార్థుల విందు జరుగుతుంది. ముందు ఆల్చిప్పల సూపు, తర్వాత యాపిల్ రసం, ఆ తర్వాత మా ఆయన. ఏ ఏడూ ఈ వరస మారదు. గిన్నెలు తీసేశాక జడ్జి హైరమ్ ప్రాట్ బల్లమీద చెంచాతో టకటకా కొట్టి, ఇక కానియ్యమంటాడు. మా ఆయన లేచి నిలబడి, వెల్‌బోర్న్ కాలేజీ వాళ్ళమీద తను చేసిన పరుగు గురించి చెప్పాలి.

మా ఆయన డాక్టర్ ఆసా విట్‌లాక్. ఈ లోయలో ఇప్పుడు బళ్ళోకి వెళ్తున్న పిల్లల్లో సగం మంది ఆయన చేతుల్లోకి పుట్టినవాళ్ళే. మంచు మోకాలి లోతున పడ్డా సరే, గుర్రానికి జీను వేసుకుని కొండమీది గనుల దాకా వెళ్ళొస్తాడు. గొంతువాపు జబ్బు వచ్చిన చలికాలంలో మా ఆయన మంచం మీద పడుకోవడం నేను చూడలేదు. కానీ ఇవేవీ ఊరికి పట్టవు. విరిగిన చెయ్యి కట్టించుకుంటూ కూడా రైతు ఆ పరుగు సంగతే అడుగుతాడు. ఆయన్ని ఊరంతా గౌరవించేది ప్రాణాలు నిలిపినందుకు కాదు, ఇరవై ఏళ్ళ కిందట తోలు బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తినందుకు. పేరుకి ఫుట్‌బాల్ గానీ ఆ ఆటలో కాలికి పని తక్కువ, మెడకీ తలకీ పని ఎక్కువ. మా ఆయన ముక్కు రెండుచోట్ల వంకర. ఎడమ చెవి నలిగిపోయిన గుడ్డముక్కలా ఉంటుంది. ఆ ఆటంటే నాకు ఒళ్ళుమంట.

ఆ పరుగు కథ నాకు కంఠతా వచ్చు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే పండగ రోజున, రెండో సగం మొదలైన కాసేపటికే, వెల్‌బోర్న్ ఆటగాడి మోకాలు ఆసా తలకి తగిలింది. ఆసా పడిపోయాడు. అప్పట్లో కెప్టెన్ ఈ హైరమ్ ప్రాటే. పరిగెత్తుకొచ్చి, ఆసా భుజాలు పట్టుకుని అంకెలు చెప్పమన్నాడు. ఆటలో ఎవడు ఎటు పరిగెత్తాలో ముందుగా కేకేసి చెప్పే అంకెలు అవి. ఏ అంకెకి ఏ ఎత్తో జట్టువాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. తల దెబ్బ తిన్నవాడు ఆ అంకెలన్నీ తడుముకోకుండా చెబితే బాగున్నట్టు, తడబడితే బాగాలేనట్టు. ఏ కాలేజీలోనైనా ఇదే పరీక్ష. ఆసా గడగడా చెప్పాడు. లేచాడు. ఆట ముగియబోతుండగా బంతి అందుకుని మైదానం ఆ కొస నుంచి ఈ కొసకి ఒక్కడే పరిగెత్తి గెలిపించాడు. అతను గీత దాటే క్షణాన, వెనకాల గ్యాలరీలో హైరమ్ వాళ్ళ నాన్న టోపీ ఎగిరెళ్ళి పాస్టర్‌గారి భార్య ఒళ్ళో పడింది. విందులో ఎప్పుడూ ఇక్కడే నవ్వుతారు.

ఆ తర్వాత ఆసా బంతి ముట్టుకోలేదు. ఆ చలికాలంలోనే మా పెళ్ళి కుదిరింది. పెళ్ళయ్యాక ఫిలడెల్ఫియా వెళ్ళి వైద్యం చదువుకుని వచ్చాడు. కావాలనుకుంటే పెద్ద నగరంలోనే ఉండిపోయేవాడు. మా ఊరి కొండలు వదల్లేనన్నాడు.

ఆ కథ చెప్పడం మా ఆయనకి ఇష్టమని అందరూ అనుకునేవారు. ఆయనకి ఇష్టం లేదని నాకొక్కదానికే తెలుసు. విందు రోజు పొద్దుట్నించీ ముభావంగా ఉండేవాడు. ఒళ్ళు బాగాలేదని మానెయ్యమంటే, ఊరు సంతోషపడుతుంటే పోనీలే అనేవాడు. వినయం అనుకుని మురిసిపోయేదాన్ని.

ఇక క్లెమ్ హాస్కిన్స్ సంగతి చెప్పాలి. కాలేజీ కుర్రాళ్ళు ఊళ్ళో ఇళ్ళల్లో అద్దెకుంటారు కదా, మా మేడమీది గదిలో క్లెమ్ ఉండేవాడు. తండ్రి గనిలో పోయాడు. తల్లి రెండు కౌంటీల అవతల ఉంది. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఆకలితో ఉండే పిల్లాడు. డాక్టరవుతానని మా ఆయన పుస్తకాలన్నీ చదివేవాడు. నేను వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఎదురుగా కూర్చుని చేతిలోని ఎముకల పేర్లన్నీ నాకు అప్పజెప్పేవాడు. ఒకటి మర్చిపోతే నేనే అందించేదాన్ని. మాకు పిల్లల్లేరు. వాడొచ్చాక మా ఇంట్లో మెట్లెక్కే చప్పుడు వినిపించేది. అంతకంటే ఏం చెప్పను, వాడంటే నాకు ప్రాణం.

కాలేజీ జట్టులో అంకెలు కేకేసేవాడు క్లెమే. నాకది నచ్చలేదు. మా ఆయనకి అస్సలు నచ్చలేదు. దానికి కారణం ఉంది. అంతకు ముందటేడు పక్క కౌంటీలో ఒక కాలేజీ వాళ్ళు మ్యాచ్‌కి మా ఆయన్ని డాక్టరుగా పిలిచారు. అక్కడొక కుర్రాడికి తల నేలకి కొట్టుకుంది. కెప్టెన్ అంకెలు అడిగాడు, కుర్రాడు చెప్పాడు, ఆట సాగింది. కాసేపయ్యాక ఆ కుర్రాడు ఉన్నచోటే గడ్డిమీద కూర్చుని, నిద్రొస్తోందన్నాడు. మళ్ళీ లేవలేదు. మా ఆయన ఇంటికొచ్చి, తిండి ముట్టకుండా, కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు. నేను గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కటే మాటన్నాడు.

"వాడు ఒక్క అంకె కూడా తప్పలేదు డీలియా."

తర్వాత కాలేజీ ఆటల సంఘం దగ్గరికి వెళ్ళి, తలకి దెబ్బ తగిలినవాణ్ణి ఆట నుంచి తప్పించే అధికారం కెప్టెన్‌కి కాకుండా డాక్టరుకి ఇమ్మన్నాడు. ఆ సంఘానికి పెద్ద జడ్జి ప్రాట్. జడ్జి నవ్వేశాడట. ఆ నియమం ఇరవై ఏళ్ళ కిందట ఉంటే ఆ పరుగే ఉండేది కాదు కదా అన్నాడట. మా ఆయన నోరు మూసుకుని వచ్చేశాడు. జవాబు చెప్పకుండా ఎలా వచ్చావని నేను దులిపేశాను. అంత చదువుకున్న మనిషి ఆ మోటు మాటకి ఎందుకు కుదేలయ్యాడో నాకు అర్థం కాలేదు.

పంతొమ్మిది వందల ఎనిమిదిలో పండగ రోజున నేల గడ్డకట్టి రాయిలా ఉంది. టర్కీ కోడిని పొయ్యిలో పెట్టి, మంట తగ్గించి, దుప్పటి కప్పుకుని మైదానానికి వెళ్ళాను. మళ్ళీ వెల్‌బోర్న్ వాళ్ళే. మొదటి సగంలో ఇద్దరికీ సున్నా. మా ఆయన డాక్టరు హోదాలో, మైదానం చుట్టూ కట్టిన తాడుకి ఇవతల బల్లమీద కూర్చున్నాడు. కెప్టెన్ చెయ్యి ఊపితే తప్ప డాక్టరు తాడు దాటకూడదు. ఒకసారి బయటికొచ్చినవాడు మళ్ళీ ఆ ఆటలోకి వెళ్ళకూడదు. అందుకే ఎవడూ బయటికి రాడు.

రెండో సగంలో క్లెమ్ బంతి పట్టుకుని వంగి దూరబోయాడు. ముగ్గురు మీద పడ్డారు. అందరూ లేచారు గానీ క్లెమ్ లేవలేదు. తల గడ్డకట్టిన నేలకి తగిలిన చప్పుడు నాకు గ్యాలరీలోకి వినిపించింది. అంతలో లేచి కూర్చున్నాడు. నవ్వుతున్నాడు. కెప్టెన్ బర్ట్ ఓల్సన్ వాడి ముందు మోకాళ్ళమీద కూర్చుని అంకెలు అడిగాడు. క్లెమ్ గొంతెత్తి చెప్పాడు. బర్ట్ వాడి వీపు చరిచాడు. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగకముందే మా ఆయన తాడు కింద నుంచి దూరి మైదానంలోకి నడిచాడు. ఎవరూ పిలవలేదు. చప్పట్లు కొట్టిన చేతులే నోటి దగ్గర పెట్టుకుని వెనక్కి రమ్మని అరిచారు. నేను గ్యాలరీ దిగి తాడు దాకా వెళ్ళాను. వాళ్ళు నిలబడింది ఇటువైపే కాబట్టి ప్రతి మాటా వినిపించింది.

మా ఆయన క్లెమ్ గడ్డం పట్టుకుని కళ్ళల్లోకి చూశాడు. పొద్దున్న ఏం తిన్నావని అడిగాడు.

"బాగానే ఉన్నానండీ. అంకెలు చెప్పనా?" అన్నాడు క్లెమ్.

"వద్దు. నువ్వెవరింట్లో ఉంటున్నావు?"

క్లెమ్ నవ్వు చెదరలేదు. జవాబు కోసం చుట్టూ చూశాడు. వాడి చూపు నామీద పడింది. పొద్దున్న నా చేత్తో వాడికి గుడ్లు వేయించి పెట్టాను. వాడు దారిన పోయే ఎవరో పెద్దావిడకి దణ్ణం పెట్టినట్టు, మర్యాదగా నుదుటికి చెయ్యి తాకించి, మళ్ళీ మా ఆయన వైపు తిరిగాడు.

"అంకెలు చెప్పనా?"

బర్ట్ ఓల్సన్ అడ్డొచ్చాడు. "డాక్టర్‌గారూ, మీరు వెళ్ళండి. అంకెలు ఒక్కటీ తప్పలేదు. మాకది చాలు. వీడు పోతే అంకెలు పిలిచేవాడు లేడు."

ఈలోగా జడ్జి ప్రాట్ కూడా తాడు దూరి, బొజ్జ ఊపుకుంటూ వచ్చేశాడు. చలికి, కోపానికి మొహం కందిపోయింది.

"ఒరేయ్ ఆసా, ఊరందరి ముందు పరువు తియ్యకు. ఆ రోజు నీకు తగిలింది ఇంతకంటే పెద్ద దెబ్బ. నేను అంకెలు అడిగాను, నువ్వు చెప్పావు, లేచి గెలిపించావు. అందరూ అన్నా నువ్వెలా అంటావురా ఈ మాట?"

మా ఆయన క్లెమ్ గడ్డం వదల్లేదు. "నేను గెలిపించలేదు హైరమ్," అన్నాడు.

"ఏంటి?"

"ఆ ఆట నాకు తెలీదు. మోకాలు నా మీదకి రావడం తెలుసు. ఆ తర్వాత తెలిసింది మర్నాడు మధ్యాహ్నం, మా ఇంట్లో మంచం మీద, మా అమ్మ పక్కన కూర్చుని ఉండగా. మధ్యలో ఏమీ లేదు. పరుగు సంగతి నువ్వు చెప్పావు, నేను నేర్చుకున్నాను. ఇన్నేళ్ళుగా నీ మాటలే నీకు అప్పజెబుతున్నాను."

గ్యాలరీ ముందు వరసల వాళ్ళకీ ఆ మాటలు వినిపించాయి. వెనక వరసలకి గుసగుసలు పాకాయి. నాకు టోపీ గుర్తొచ్చింది. గ్యాలరీకి వీపు పెట్టి పరిగెత్తేవాడికి వెనకాల ఎగిరిన టోపీ ఎలా కనిపిస్తుంది? ఇన్నేళ్ళు అదే చోట నేనూ నవ్వాను. ఒక్కసారైనా ఆలోచించలేదు.

మా ఆయన బర్ట్ వైపు తిరిగాడు. "బర్ట్, వీడు ఇక్కడ లేడు. అంకెలు మాత్రమే మిగిలాయి. వీణ్ణి తీసెయ్యమని శాసించే హక్కు నాకు లేదు, నీకుంది. నిరుడు ఒకణ్ణి నా చేతులతో పడుకోబెట్టి కళ్ళు మూశాను. అడుక్కుంటున్నాను."

బర్ట్ ఓల్సన్‌కి ఇరవై రెండేళ్ళు. ఆ పండగ ఆట కోసం ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకున్నాడు. జడ్జి వైపు చూశాడు, గ్యాలరీ వైపు చూశాడు. తర్వాత క్లెమ్ వైపు వంగి, మెల్లిగా అడిగాడు.

"క్లెమ్, మా చెల్లెలి పేరేంట్రా?"

ఆ పిల్లకి క్లెమ్ రాసే ఉత్తరాల సంగతి ఊళ్ళో కుక్కపిల్లకి కూడా తెలుసు. క్లెమ్ చక్కగా నవ్వాడు.

"అంకెలు చెప్పనా?"

బర్ట్ ఇంకేం అడగలేదు. వాడి నడుం చుట్టూ చెయ్యేసి తనే తాడు దాకా నడిపించుకొచ్చాడు.

మేం ఓడిపోయాం. ఆ ఓటమి గురించి నేను చెప్పేదేమీ లేదు, చూడలేదు కాబట్టి. బండిలో క్లెమ్ తల నా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకొస్తుంటే దారి పొడుగునా జనం పక్కకి తప్పుకున్నారు. ఎవరూ టోపీ తియ్యలేదు. ఇన్నేళ్ళూ మనల్ని వెర్రివెధవల్ని చేశాడని ఎవరో అనడం చెవిన పడింది. మా ఆయన విననట్టే గుర్రాన్ని తోలాడు.

నేను విన్నాను, కానీ అది నాకు ఆనలేదు. నాకు మరో బాధ పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఏమీ లేదన్నాడు. ఆ రోజు సాయంత్రం, ఆట అయ్యాక, ఒళ్ళంతా బురదతో మా నాన్నగారి ఇంటి మెట్ల దగ్గరికి వచ్చి నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది ఎవరు? అంతవరకూ చర్చిలో దూరం నుంచి చూడడమే తప్ప నాతో నాలుగు మాటలు మాట్లాడి ఎరగడు. ఒళ్ళో ఉన్న పిల్లాడి ప్రాణం అలా ఊగిసలాడుతుంటే నా బుద్ధి పోయి పోయి ఆ మెట్లమీద పడింది. నామీద నాకే అసహ్యం వేసింది.

ముందుగదిలో తెరలన్నీ మూసేసి క్లెమ్‌ని సోఫాలో పడుకోబెట్టాం. రెండుసార్లు కక్కుకున్నాడు. మా ఆయన నేలమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, దీపం అడ్డం తిప్పి వాడి కంటిపాపలు చూస్తూ, నిద్రలోకి జారకుండా మాట్లాడిస్తూ ఉన్నాడు. క్లెమ్ కళ్ళు నా వైపు తిప్పి, కనుబొమలు కాస్త ఎత్తి, ఎవరు గెలిచారని అడిగాడు. వెల్‌బోర్న్ అని చెప్పాను. అయ్యో అన్నాడు. కాసేపటికి మళ్ళీ కనుబొమలు అలాగే ఎత్తి, అదే గొంతుతో, ఎవరు గెలిచారన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అయ్యో అన్నాడు, అప్పుడే కొత్తగా విన్నట్టు.

ఇంకోసారి అడిగినప్పుడు, చేతిలో గిన్నె కిందపెట్టి వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎందుకంటే ఒకే మాట, ఒకే గొంతుతో, ఒకే చూపుతో మళ్ళీ మళ్ళీ అడగడం అంతకు ముందొకసారి విన్నాను. మా మెట్లమీద ఆసా అలాగే అడిగాడు. నేను సరేనంటే తల ఊపాడు, కాసేపాగి మళ్ళీ అడిగాడు. నాకు నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. మా అక్కని మా బావ ఒక్కసారి, అదీ నసుగుతూ అడిగాడు. నన్నడిగినవాడికి నామీద అంత ఆత్రం అనుకున్నాను. మా అక్క దగ్గర గొప్పలు పోయాను కూడా. పెళ్ళయ్యాక ఏ గొడవొచ్చినా లోపల్లోపల ఆ మాట తల్చుకునే సర్దుకునేదాన్ని. అది ప్రేమ కాదు, దెబ్బ అని ఇప్పుడు ఈ సోఫా పక్కన తెలిసింది.

అక్కడే ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ముందుగదిలోంచి సన్నగా, చిరాగ్గా ఒక గొంతు వినిపించింది.

"మిసెస్ విట్‌లాక్, పొయ్యిలో ఏదో మాడుతోందండీ."

క్లెమ్ గొంతు. నా పేరు చెప్పి పిలిచాడు. పొయ్యి సంగతి వదిలేసి ముందుగదిలోకి పరిగెత్తాను. మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని, నా వైపు చూసి తల ఊపాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. క్లెమ్ పొద్దున్న గుడ్లు తిన్నానన్నాడు, బర్ట్ చెల్లెలి పేరు చెప్పాడు, తనెందుకు పడుకున్నాడో మాత్రం తెలీదన్నాడు. ఈసారి వాణ్ణి నిద్రపోనిచ్చాం. టర్కీ బొగ్గయిపోయింది. పోతే పోయింది.

మా ఆయన వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఆయన ముందు రొట్టె, జున్ను పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆయన తినలేదు. నాకు కోపం వస్తోంది, ఆగడం లేదు.

"మా మెట్ల సంగతి నీకు ఎవరు చెప్పారు?" అన్నాను.

దాచలేదు. మర్నాడు వాళ్ళమ్మే చెప్పిందట, లోరింగ్ వాళ్ళ చిన్నమ్మాయిని, అంటే నన్ను, అడిగావట కదా, ఆ పిల్ల ఒప్పుకుందటగా, ఊరంతా అదే మాట అని. అడగాలని ఏడాదిగా ఉండేదట. ధైర్యం చాలేది కాదట. మంచంమీద పడుకుని ఆ మాట విన్నప్పుడు, ఎవరో తన తరఫున వెళ్ళి తనకి కావలసింది తెచ్చిపెట్టినట్టు అనిపించిందట. నోరు విప్పితే అది పోతుందని భయపడ్డాడట. పరుగు కూడా అందుకే విప్పి చెప్పలేదట. ఒకటి లాగితే రెండోది కూడా ఊడొస్తుందని.

"ఇన్నేళ్ళు, ఆసా," అన్నాను. "ఒక్కసారైనా నాకు చెప్పలేదు."

"లేదు."

"ఈ రోజు మాత్రం ఊరందరి ముందు చెప్పావు. నేను తాడు దగ్గర నిలబడ్డానని తెలిసి కూడా."

"తెలుసు. నిన్ను చూశాను," అన్నాడు. "చెప్పకపోతే వాడు పోయేవాడు."

నాకేం మిగిల్చాడో తెలిసే ఆ మాట అన్నాడు. నేనైనా అదే చేసేదాన్ని. అది ఒప్పుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. రొట్టె ముక్క తుంచి ఆయన ముందుకి తోశాను.

ఆయన దాన్ని చూస్తూ కూర్చుని, తలెత్తాడు. సోఫాలో క్లెమ్ ఎవరు గెలిచారని అడిగినప్పుడు చూసినట్టే చూశాడు. నలభై దాటిన మనిషి, ఎంతమందికో చావూ బతుకూ చెప్పినవాడు, తన సంగతి తనకి చెప్పమని నన్ను అడుగుతున్నాడు.

"డీలియా, ఆ రోజు నేనేం అన్నాను?"

కావాలంటే అల్లి చెప్పొచ్చు. హైరమ్ అల్లినట్టే నేనూ ఒక మంచి సాయంత్రాన్ని అల్లి ఇచ్చేదాన్ని, ఆయన నమ్మేవాడు. నాకు మనసొప్పలేదు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా అన్నావు. మూడుసార్లు అన్నావు."

ఆయన డాక్టరు. విడమరిచి చెప్పనక్కర్లేదు. మొహం పాలిపోయింది. "మూడుసార్లూ ఒకేలాగానా?" అన్నాడు.

"అక్షరం తేడా లేకుండా."

రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "మరి నువ్వు?"

"మూడుసార్లూ సరేనన్నాను," అన్నాను. "ఆ రోజు నా తల బాగానే ఉంది."